కాడికి ఎడమవైపు

గుండ్లకమ్మ ఒడ్డున, తుమ్మచెట్ల నడుమ ఒక పెద్ద బీడు ఉంది. తిరునాళ్ళ పందేల్లో ఆడి, గెలిచి, ఓడి, వయసు మీద పడిన జంతువులన్నీ చివరికి అక్కడికే చేరేవి. పరుగుపందేల్లో పేరు మోసిన కస్తూరి అనే గుర్రం అక్కడే ఉండేది. ఢీ పందేల్లో ఒక కొమ్ము విరగ్గొట్టుకున్న పొట్టేలు గురవడు అక్కడే ఉండేవాడు. బండలాగుడు పందేల్లో జిల్లాలన్నీ తిరిగొచ్చిన ఎద్దుల జత, సింగన్న, భద్రుడు కూడా అక్కడే.

బండలాగుడు చూడనివాళ్ళ కోసం ఒక మాట. రెండు ఎద్దులను ఒకే కాడికి కట్టి, ఆ కాడికి పెద్ద రాతిబండను గొలుసుతో తగిలిస్తారు. కుడివైపు ఎద్దును ఎలపట ఎద్దు అంటారు, ఎడమవైపు దాన్ని దాపట ఎద్దు అంటారు. గడువులోగా ఏ జత ఎక్కువ దూరం లాగితే గెలుపు ఆ జతది. ఏ జత అన్నారు గానీ ఏ ఎద్దు అనలేదు, ఇది గుర్తుంచుకోవాలి.

భద్రుడు ఎలపట. సింగన్న దాపట. భద్రుడు తెల్లగా, ఎత్తుగా, కొమ్ములు చెక్కినట్టుగా ఉండేవాడు. సింగన్న మసక రంగు, పొట్టి మెడ. ఫొటోలు తీసుకునేవాళ్ళంతా భద్రుడి కొమ్ముల పక్కనే నిలబడేవారు. జనం కూడా ఆ జతను 'భద్రుడి జత' అనే పిలిచారు. సింగన్న పట్టించుకోలేదు. పేరు ఎవరిదైతేనేం, సాయంత్రానికి ఇద్దరి గాట్లోనూ ఒకే దాణా పడేది కదా అనుకున్నాడు.

బీడులో ఇప్పుడు దాణా వేసేవాళ్ళు లేరు. వేసవి వస్తే గడ్డంతా ఎండి గరగరలాడుతుంది. ఏటిగట్టు కింద ఒక ఊట ఉంది. దాని చుట్టూ ఉన్న చిన్న చెక్కలో మాత్రమే పచ్చిక మిగులుతుంది. కిందటి ఏడు అందరూ ఒక్కసారి దాని మీద పడి, తిన్నదానికంటే ఎక్కువ తొక్కేశారు. సింగన్న పళ్ళు అరిగిపోయాయి, ఎండుగడ్డి నమలలేడు. ఆ వేసవిలో డొక్కలు అంటుకుపోయి కిందపడి, లేవడానికి నానా తంటాలు పడ్డాడు. ఈసారి పచ్చిక దొరక్కపోతే పడినవాడు మళ్ళీ లేవడు. ఆ సంగతి అతనికి తెలుసు.

బీడుకు పెద్దదిక్కు నల్లమ్మ అనే ముసలి గేదె. "ఈ ఏడు తొక్కులాట వద్దు," అన్నది. "ఊట చెక్క ఒకరి చేతికి ఇద్దాం. ముందు వాళ్ళు తిని, మిగిలింది పంచుతారు. ఎవరికి ఇద్దామో మీరే చెప్పండి."

ఎవరూ నోరు తెరవకముందే నక్క నాగభూషణం ముందుకొచ్చాడు. తిరునాళ్ళ అరుగుల కింద పడుకుని మైకుల్లో మాటలన్నీ విని విని వంటబట్టించుకున్నవాడు అతను.

"ఇందులో ఆలోచించేదేముంది పెద్దమ్మా. మనమంతా ఆటగాళ్ళం. ఆటలో అందరికంటే గొప్ప ఎవరో తేల్చి, వాళ్ళకు ఇస్తే సరి. తేల్చే పని నేను చేస్తాను. నాకా పచ్చిక ఎక్కదు, పక్షపాతం ఎందుకుంటుంది?"

పచ్చిక ఎక్కని మాట నిజమే. ఊట పక్క రెల్లులో గూళ్ళు పెట్టుకునే పూరేడు పిట్టలు మాత్రం అతనికి బాగా ఎక్కుతాయి. నల్లమ్మ ఆలోచన ముందే పసిగట్టి నక్క అడిగితే, ఊట తన చేతికి వస్తే ఆ రెల్లు నక్కకే వదిలేస్తానని భద్రుడు ముందురోజే ఒప్పుకున్నాడు. ఇది ఆ ఇద్దరికే తెలుసు.

కస్తూరి మెడ నిక్కించింది. "తేల్చడానికేముంది? పరుగులో నా ముందు దుమ్ము లేపినవాళ్ళు లేరు. తిన్నవాళ్ళంతా నా దుమ్మే తిన్నారు."

"పరుగెత్తడం ఒక ఆటా?" అన్నాడు గురవడు. "భయమేస్తే కుందేలు కూడా పరుగెత్తుతుంది. నేను ఢీకొడితే అవతలివాడికి వాడి ఊరి పేరు గుర్తుండేది కాదు."

"నీకు గుర్తుందా నాయనా, నీ ఊరి పేరు?" అన్నది కస్తూరి.

గురవడు కాసేపు ఆలోచించి ఊరుకున్నాడు.

"పోట్లాట వద్దు," అన్నాడు నక్క. "ఎవరి ఆటకు జనం ఎక్కువ ఈలలు వేశారో వాళ్ళే గొప్ప."

"పరుగుపందెం రెప్ప వేసేలోపు అయిపోతుంది. ఈల వేయడానికి నోట్లో వేలు పెట్టుకునే తీరిక ఎవరికి ఉంటుంది?" అని కస్తూరి కోప్పడింది.

"అయితే అది నీ ఆట తప్పు. బండలాగుడు చూడండి. మొదలు నుంచి చివరి దాకా ఈలలే. కాబట్టి గొప్పవాడు మన భద్రుడు."

సింగన్నకు ఒళ్ళు మండింది. కుండను మూరతో కొలిచి, గుడ్డను శేరుతో కొలిచే తెలివి ఇది. అయినా బండలాగుడు అన్నాడు కదా, అందులో తనూ ఉన్నాడు కదా అని ఓర్చుకుని విన్నాడు.

నక్క గొంతు సవరించుకుని భద్రుడి ఘనతలు ఏకరువు పెట్టాడు. ఫలానా తిరునాళ్ళలో భద్రుడు గెలిచాడన్నాడు, ఫలానా జాతరలో మూడు జిల్లాల ఎద్దులకు చెమటలు పట్టించాడన్నాడు. చివరికి గొంతు తగ్గించి, "ఇక ఆ వానరోజు సంగతి," అన్నాడు. "బురద. కాలు జారి భద్రుడు మోకాళ్ళ మీద పడ్డాడు. జనమంతా అయిపోయిందనుకున్నారు. లేచాడు, లాగాడు, గెలిచాడు. పడి లేచి గెలిచినవాణ్ణి ఇంకెవర్నైనా చూపించండి."

అందరూ ఆహా అన్నారు. భద్రుడు తల వంచుకుని వినయంగా నిలబడ్డాడు. సింగన్న మెడ మీద కాయ కాచినచోట చర్మం జివ్వుమంది.

"నాగభూషణం," అన్నాడు. "వాడు పడి లేచేదాకా బండ వెనక్కి జారలేదే. ఎందుకు జారలేదు?"

"అంటే?"

"ఎత్తు మీదికి ఎక్కుతోంది బండ. ఒక ఎద్దు మోకాళ్ళ మీద ఉంది. కాడి ఎవరి మెడ మీద ఆగింది?"

నక్క నవ్వాడు. "ఓ, నువ్వా సింగన్నా. నువ్వూ ఉన్నావులే. ఎవరు కాదన్నారు?"

"ఆ రోజు నా మెడ తోలు ఊడి కాడికి అంటుకుంది. నెలంతా కాకులు వచ్చి పొడిచాయి. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు, ఇప్పుడు నువ్వు వచ్చి ఆ పుండు మీద కూర్చుని పాట పాడుతున్నావు. అందులో నా పేరు కూడా లేదు."

"చూశారా," అన్నాడు నక్క మిగిలినవాళ్ళ వైపు తిరిగి, ఎంతో జాలిగా. "వయసు మీద పడితే అసూయ కూడా మీద పడుతుంది. సొంత తమ్ముడి లాంటివాడికి మంచి జరుగుతుంటే ఓర్వలేకపోవడం, పాపం."

"పోనీలే మామా, పెద్దాయన," అన్నాడు గురవడు. కస్తూరి మొహం పక్కకు తిప్పుకుంది.

సింగన్న భద్రుడి వంక చూశాడు. ఒక్క మాట అంటాడేమో అని చూశాడు. భద్రుడు కాలిగిట్టతో మట్టి గీకుతూ ఉండిపోయాడు. నక్క మాటకు కాలిన ఒళ్ళు ఆ మౌనానికి ఇంకా కాలింది. సొమ్మొకడిది సోకొకడిది అని సామెత. ఇక్కడ సోకు చేసుకున్నవాడు పక్కనే నిలబడి, సొమ్ము ఎవరిదో తనకు తెలియనట్టు ఉన్నాడు.

కోపాన్ని కాస్త నమిలి మింగి, సింగన్న మెల్లగా అడిగాడు. "సరే నాగభూషణం. నువ్వు తెలిసినవాడివి. నాకు ఒక్కటి చెప్పు. ఎలపట ఎద్దు లాగుతుంది. మరి దాపట ఎద్దు పనేమిటి?"

"పనేముంటుందయ్యా. కాడి ఒక పక్కకు పడిపోకుండా ఉండాలి కదా, అందుకు ఒక మెడ కావాలి. అంతే."

"ఏ మెడ అయినా ఫరవాలేదా?"

"ఏ మెడ అయినా. భద్రుడు కుడివైపు ఉంటే చాలు, ఎడమవైపు గడ్డిబొమ్మను కట్టినా బండ కదులుతుంది."

"పెద్దమ్మా, విన్నావు కదా," అన్నాడు సింగన్న.

"విన్నాను," అన్నది నల్లమ్మ.

"అయితే నాదొక్కటే మనవి. తిరునాళ్ళ బండ అదిగో, గట్టు పక్కనే పడి ఉంది. పాత కాడి కూడా ఉంది. భద్రుణ్ణి కట్టి లాగించండి. కదిలిస్తే ఊట చెక్క వాడిదే, నేను నోరెత్తను. ఎడమవైపు నాగభూషణం నిలబడతాడు. గడ్డిబొమ్మ సరిపోయేచోట నక్క సరిపోదా?"

నాగభూషణం చెవులు వెనక్కి పోయాయి. "నేను మాట్లాడేవాణ్ణి గానీ లాగేవాణ్ణి కాదు."

"లాగమని ఎవరన్నారు?" అన్నాడు సింగన్న. "నువ్వే అన్నావు కదా, అక్కడ పనే లేదని. ఊరికే నిలబడు."

"ఈ రోజు నాకు ఉపవాసం. మెడ మీద బరువు పెట్టకూడదు."

"పొద్దున్నే తొండను తిన్నావు కదా మామా," అన్నాడు గురవడు, ఏ దురుద్దేశమూ లేకుండా.

నల్లమ్మ తోకతో ఈగలు తోలుకుంటూ, "నిలబడు నాగభూషణం," అన్నది. "మాట నీది. మెడ కూడా నీదే ఉండాలి."

భద్రుడు హుషారుగానే వెళ్ళి కుడివైపు నిలబడ్డాడు. ఇన్నేళ్ళ పొగడ్త తలకెక్కి, బండ తన ఒక్కడికే కదులుతుందని అతనికీ కాస్త నమ్మకం కలిగింది. తుమ్మచెట్ల మీది కొండముచ్చులు దిగివచ్చి తాళ్ళు బిగించాయి. ఇటు ఎద్దు మూపురం ఆకాశంలో, అటు నక్క మెడ గడ్డిలో. కాడి నిచ్చెనలా ఏటవాలుగా ఉంది.

సింగన్న బండ మీద నుంచి చూపు తిప్పలేదు. భద్రుడి బలం సామాన్యమైనది కాదు, అది తనకంటే బాగా ఎవరికీ తెలియదు. ఏ గడ్డ మీదో పట్టు దొరికి బండ కాస్త జరిగిందా, ఈ వేసవే తనకు ఆఖరు.

"ఇక కానివ్వు," అన్నది నల్లమ్మ.

భద్రుడు ఊపిరి పట్టి ముందుకు తోశాడు. కుడివైపు కాడి ముందుకు పోయింది, ఎడమవైపు వెనక్కి తిరిగింది. నాగభూషణం మూతి నేలకు గుచ్చుకుని నాగటికర్రులా చాలు తీసింది. బండ కదల్లేదు. భద్రుడు ఇంకా గట్టిగా తోశాడు. ఈసారి తనే ఎడమకు గిర్రున తిరిగి, బండకు మొహం పెట్టి నిలబడ్డాడు. నక్క కాళ్ళు గాలిలో ఆడుతున్నాయి.

"లాగడమంటే అటు కాదు నాయనా," అన్నది కస్తూరి. "బండ నీ వెనకాల ఉండాలి."

కొండముచ్చులు మళ్ళీ సరిగ్గా నిలబెట్టాయి. భద్రుడు మూడోసారి తోశాడు. కాడి మూపురం మీద నుంచి జారి గొంతుకు అడ్డంపడింది. ఊపిరాడక మోకాళ్ళ మీద పడ్డాడు. పడితే నిలబెట్టే మెడ పక్కన లేదు. కాడి మొత్తం వాలి నక్కను కింద అదిమేసింది.

"చస్తున్నాను, విప్పండి," అని నాగభూషణం మూలిగాడు.

"అక్కడ పనేమీ లేదన్నావు," అన్నాడు సింగన్న.

"ఉందయ్యా. ఉంది. సగం పని అక్కడే ఉంది. విప్పించు."

"గట్టిగా చెప్పు. ఇందాక మైకులాగా చెప్పావు కదా, వాడి ఘనతలన్నీ."

"సగం నీదే," అని నక్క అరిచాడు. "ప్రతి గెలుపులోనూ సగం నీదే. ఆ వానరోజు మొత్తం నీదే. ఆ రెల్లు కూడా నాకొద్దు."

"ఏ రెల్లు?" అన్నది నల్లమ్మ.

దమ్ము దొరకనివాడు అబద్ధం ఎక్కడ వెతుకుతాడు? పూరేడు పిట్టల సంగతి, భద్రుడితో ఒప్పందం సంగతి అన్నీ అక్కడికక్కడే కక్కేశాడు. కొండముచ్చులు తాళ్ళు విప్పగానే, వంకరపోయిన మెడతో కుంటుకుంటూ తుమ్మపొదల్లోకి దూరాడు. గురవడు ఒక్క ఢీ కొట్టి సాగనంపుదామని వెంటబడ్డాడు గానీ, ఎటు పోయాడో తేలక తిరిగొచ్చాడు.

భద్రుడు లేచి వచ్చి సింగన్న ముందు నిలబడ్డాడు. "అన్నా," అన్నాడు.

"నీకు తెలియదా?"

"తెలుసు."

"ఇన్నేళ్ళూ తెలుసా?"

"తెలుసన్నా. అందరూ నా పేరే అంటుంటే బాగుండేది. నన్నెవరూ అడగలేదు, నేను చెప్పలేదు."

"అడగలేదా?" అన్నాడు సింగన్న. "నేను చస్తానని తెలిసి కూడా ఎవరో అడగాలా నిన్ను? ఆ నక్కకు నా మెడ సంగతి తెలియదు. నీకు తెలుసు. వాడు అబద్ధమాడాడు, నువ్వు నిజాన్ని మింగావు. నన్నడిగితే నీదే పెద్ద తప్పు."

సింగన్న "పోనీలే తమ్ముడూ" అనలేదు. అనాలనిపించలేదు.

నల్లమ్మ తీర్పు చెప్పింది. "పరుగుకూ ఢీకీ బండకూ పోటీ పెట్టడానికి ఒప్పుకోవడం నా బుద్ధితక్కువ. ఎవరి ఆట వాళ్ళది. ఊట దగ్గర ముందు తినాల్సింది ఎండుగడ్డి నమలలేనివాళ్ళు. సింగన్న ముందు. తర్వాత మిగిలినవాళ్ళం. భద్రుడు ఈ ఏటికి చివర."

"న్యాయమే," అన్నాడు భద్రుడు. అప్పుడు మాత్రం ఎవరూ అడక్కుండానే అన్నాడు.

సింగన్న గట్టు దిగి ఊట దగ్గరకు నడిచాడు. పచ్చిక మెత్తగా, తడిగా నోటికి తగిలింది. రెల్లులో పూరేడు పిట్టలు కువకువలాడుతున్నాయి. అతని కోపం ఇంకా చల్లారలేదు, అయినా కడుపు నిండా తిన్నాడు.

నీతి: ఇద్దరి గెలుపును ఒక్కడి మెడలో వేసేవాడు, ముందు రెండోవాడి కాడి కింద తన మెడ పెట్టి చూడాలి.