ధాత కరువులో ఎవరూ చావలేదు

పాపయ్య సార్ ఎవరికైనా సలహా ఇవ్వగా చూసినవాళ్లు లేరు. ఎవరు ఏ చిక్కుతో వచ్చినా, ఆ పనిలో తనకూ కాస్త చోటిమ్మంటారు, అంతే. హైస్కూల్లో చరిత్ర చెప్పే రజియా ఆయన దగ్గరే చదువుకుంది. ఒక ఆదివారం పొద్దున ఆయన ఇంటికి వచ్చి, కూర్చోకముందే అడిగింది.

"సార్, ఆటలో నేర్చుకున్నది చరిత్రేనా?"

సంగతి ఇది. నూటయాభై ఏళ్ల కిందట లక్షల మందిని మింగిన ధాత కరువును, తన తొమ్మిదో తరగతి పిల్లల చేత ఆమె ఫోన్లలో ఆటగా ఆడిస్తోంది. ఒకరు ఊరిపెద్ద, ఒకరు కరణం, ఒకరు వర్తకుడు, తక్కినవాళ్లు రైతులు, కూలీలు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని, తమ పాత్ర ఏమంటుందో గ్రూపులో రాస్తారు. పిల్లలు ప్రాణం పెట్టి ఆడారు. తర్వాత పరీక్షలో ఆ కరువు గురించి అడిగితే, నలభై మందిలో ముప్పై ఎనిమిది మంది ఎవరూ చావలేదని రాశారు. నేలలో దాచిన జొన్నల పాతర తెరిచి అందరికీ పంచేశామన్నారు. సరిగ్గా రాసిన ఇద్దరూ ఆటకు రానివాళ్లు. హెడ్మాస్టరు ఆ జవాబులు చూసి, ఆట ఉంచుతావో ఆపుతావో రేపు తేల్చమన్నారు.

"ఆ లెక్క చూస్తే ఆపాల సార్. ఆపితే మళ్లీ ఆ ఆవలింతల క్లాసే. నాకేం తోచడం లేదు."

"ఈరోజు ఆట ఉందా?"

"ఇంకాసేపట్లో మొదలవుతాది."

"నాకొక కూలీ వేషం ఇయ్యి" అన్నారాయన.

మా సార్ కూడా కూలీగా వస్తున్నారని రజియా గ్రూపులో రాసి, తన రెండో ఫోన్ ఆయన చేతికిచ్చింది. ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కూలీ పేరు పక్కన పచ్చ చుక్క వెలిగింది. ఊరిపెద్ద వేషం లోహితది. ఈసారీ మొదటి మాటలోనే పాతర తెరిపించి, ఎవరికెంత కావాలో అడగమంది. అడగడం మొదలైంది. ఒకడు తనకు పది శేర్లన్నాడు, తన ఎద్దుకు ఇంకో రెండన్నాడు. "నీకూ ఎద్దుకూ తేడా ఏముందిరా, ఒక్కసారే తీసుకో" అని కరణం రాశాడు. పాతర అడుగంటింది. చప్పట్లు కొట్టే బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి.

అప్పుడు లోహితకు కొత్త కూలీ పేరు కనిపించింది.

"తాతా, నువ్వేం అడగలేదే?"

జవాబు లేదు. నెట్ లేదేమో అన్నారొకరు. చుక్క వెలుగుతోంది గదా అన్నారింకొకరు. "తాత నిద్రపోయినాడు" అన్నాడు ఎద్దువాడు. ఈసారి ఎవరూ నవ్వే బొమ్మ పెట్టలేదు. ఎవరో తన వంతులో ఒక శేరు ఇస్తానన్నారు. తీసుకుంటానని కూలీ అనలేదు.

రజియా పక్కకు చూసింది. ఆయన ఫోన్ ఒళ్లో పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"రాయండి సార్, పిల్లలు అడుగుతున్నారు."



లోహిత ఈసారి టీచర్‌కే రాసింది. "మేడం, తాత బతికినట్టా, చచ్చినట్టా? మేము ఏమని రాసుకోవాల?"

రజియా ఆ మాటను రెండుసార్లు చదువుకుంది. పరీక్షలో ఎవరూ చావలేదని ధీమాగా రాసిన పిల్ల అడుగుతున్న ప్రశ్న అది. పాఠ్యపుస్తకంలో దానికి జవాబు లేదు. పొద్దున వచ్చేటప్పుడు ఒక్క చిక్కే ఉండేది, ఇప్పుడు రెండయ్యాయి.

"ఆ పిల్లకు ఏం చెప్పాల సార్? రేపు హెడ్మాస్టరుకు ఏం చెప్పాల?"

పాపయ్య సార్ ఫోన్ ఆమె చేతిలో పెట్టారు.

"నా కూలీకి రాయడం రాదమ్మా. పుస్తకం రాసినోళ్లు వాడినేం అడగలేదు. ఈ పిల్లలు ఇంకా అడుగుతున్నారు."