పేరిందేవి పుట్టిన కథ

ఏడుపు ఆపవే పేరిందూ. బళ్ళో నీ పేరుకి నవ్వారు, అంతేగా? దాని కథ చెప్తా, ఊ కొట్టు.

అనగనగా ఒక లంక ఊళ్ళో, చుట్టూ గోదారి, మధ్యలో మాణిక్యమ్మ అని ఒకావిడ. గోదారైనా ఎండాకాలం తగ్గుతుందేమో గానీ ఆవిడ నోరు తగ్గేది కాదు. పిల్లలకి కథలు చెప్తూ ఓరోజు పేరిందేవి అని ఒకత్తిని కల్పించింది. ఈ పేరిందేవి వెళ్ళొస్తానంటుంది, గుమ్మంలో ఆగిపోతుంది. పప్పు సంగతి, పప్పులోంచి ఉప్పు సంగతి, ఉప్పులోంచి ఊళ్ళోవాళ్ళ తప్పుల సంగతి. ఇంటికెళ్ళేసరికి అన్నం మాడి బొగ్గు. పాపం మొగుడు అటుకులు నానబెట్టుకు తినేవాడు.

పిల్లలు నవ్వి ఇంటికెళ్ళి చెప్పారు. ఇంకేముంది, గుమ్మంలో ఎవరాగినా "పేరిందేవి చెయ్యకు" అనడమే. పాలావిడ అంది, పురోహితుడు అన్నాడు, రాజుగారు మంత్రితో కూడా అన్నాట్ట, నేను చూళ్ళేదు. కథ మర్చిపోయారు, పేరు మిగిలింది. మాణిక్యమ్మకి ఒకటే కడుపుమంట, మాట నాదైతే నన్ను తలిచేవాళ్ళేరీ అని. ఊ కొడుతున్నావా?

ఇంతలో అవతలి గట్టునుంచి కబురు. కూతురు వరాలుకి నొప్పులొస్తున్నాయట, అమ్మ కావాలని ఏడుస్తోందట. ఏమిటే లేచావు? మీ అమ్మ పేరూ వరాలే అయితే నేనేం చెయ్యను, పడుకో.

ఆ రోజుకిక ఒకటే పడవ. మాణిక్యమ్మ బాలింతకి పెట్టే కాయం డబ్బా చంకన పెట్టుకుని నిజంగానే పరిగెత్తింది. రేవులో పడవ పోలయ్య కేకేశాడు, "పేరిందేవి చెయ్యకుండా ఎక్కమ్మా!"

ఆగిపోయింది. ఆ మాట ఎవరిదో తెలుసా నీకు అంటూ మొదలెట్టింది. ఏ అరుగు మీద చెప్పింది, ముందు రంగనాయకి అనుకుని ఎందుకు మార్చింది, అంతా చెప్పింది. పోలయ్య ఊ కొడుతూనే గడ వేశాడు. ఆవిడ చెప్పడం అయ్యేసరికి పడవ నడి గోదాట్లో ఉంది. ఒడ్డున కూలబడి ఏడ్చింది. తగిన శాస్తే.

మర్నాడు వెళ్ళేసరికి తల్లీ పిల్లా క్షేమం. కూతురి మొహం చూడ్డానికి సిగ్గేసింది. వరాలు పిల్లని ఒళ్ళో పెట్టి, "నువ్వు రాలేదు కదమ్మా, నీ కథే నాకు నేను చెప్పుకున్నా. నొప్పుల్లోనూ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఇది పుట్టింది. పేరిందేవి అనే పిలుస్తా" అంది.

అవునే, ఆ నోరు నాదే. రేపు ఎవరైనా నవ్వితే, నేను పుట్టినప్పుడే నవ్వారని చెప్పు. పిలిచినప్పుడు మాత్రం వెంటనే వెళ్ళు, మీ అమ్మమ్మలా ఆగకు.

కథ కంచి దారి పట్టింది, నువ్వు కళ్ళు మూసుకో. దీపం తగ్గించి వెళ్తున్నా. అన్నట్టు, ఆ పోలయ్య ఉన్నాడే, వాళ్ళావిడ... ఎందుకే అలా నవ్వుతావు? గుమ్మంలో ఉంటే ఏమైంది, వెళ్తున్నాగా!