దుప్పి మేడమ్ కుడి చెవి

అనగనగా ఒక అడవిలో ఒక కాలేజీ ఉండేది. నవ్వకండి పిల్లలూ, అడవిలో కాలేజీ ఏమిటని. దానికి గంట కూడా ఉండేది. వడ్రంగిపిట్ట మాను మీద ముక్కుతో టకటకా కొడితే అదే గంట.

ఆ కాలేజీలో ఆడపిల్లలకు ఒక సాఫ్ట్‌బాల్ జట్టు ఉండేది. ఆట సులువే. ఒకరు బంతి విసురుతారు, ఇంకొకరు బ్యాట్‌తో కొడతారు. కొట్టినవాళ్లు మైదానంలో నాలుగు మూలలా పరిచిన పలకలను తాకుతూ చుట్టి వస్తే ఒక పరుగు. ముగ్గురు అవుటైతే ఆ జట్టు వంతు అయిపోతుంది.

ఆ జట్టు ఎవరితో ఆడినా ఓడిపోయేది. బంతి వస్తుంటే కుందేలు కళ్లు మూసుకునేది. ముళ్లపంది బంతి పట్టుకుంటే అది ముళ్లకు గుచ్చుకుని ఊడి వచ్చేది కాదు.

అప్పుడు ఒక దుప్పి కోచ్‌గా వచ్చింది. అందరికంటే ముందే మైదానానికి వచ్చి, రాళ్లను గిట్టలతో పక్కకు నెట్టేది. కుందేలు మీదికి బంతికి బదులు రేగుపళ్లు విసిరింది. "పట్టుకున్నవన్నీ నీవే" అంది. రెండో పండుకే కుందేలు కళ్లు తెరిచింది. ముళ్లపందిని చివరి పలక దగ్గర నిలబెట్టింది. "నువ్వక్కడ ఉండు చాలు, అవతలివాళ్లు దూసుకురావాలంటే ఆలోచిస్తారు" అంది. నిజంగానే ఆలోచించారు.

ఇంకో పద్ధతి కూడా పెట్టింది. ఆట మధ్యలో అరిస్తే అవతలి జట్టుకు తెలిసిపోతుంది కదా. అందుకని చెవులతో సైగ చేసేది. రెండు చెవులూ నిక్కబొడిస్తే గట్టిగా కొట్టాలి. ఎడమ చెవి ఆడిస్తే పరుగెత్తాలి. కుడి చెవి ఆడిస్తే బ్యాట్ అడ్డంపెట్టి బంతిని మెల్లగా తట్టాలి. "చెవి చెప్పింది చేయండి. ఎందుకని తర్వాత అడగండి" అనేది.

జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఏటేటా కప్పు వచ్చేది.

రెండు మూడేళ్లకు దూరపు కొండ నుంచి ఒక ఎలుగుపిల్ల వచ్చి చేరింది. పేరు ఇప్పమ్మ. ఆ కొండ మీద అప్పటిదాకా ఎవరూ చదువుకోలేదు. ఇప్పమ్మకు చెట్లకు వైద్యం చేయడం నేర్చుకోవాలని కోరిక. జట్టులో ఉన్నంతకాలమే ఆమెకు హాస్టల్లో తిండి, క్లాసులో చోటు. బ్యాట్ పట్టిందంటే బంతి ఏరు దాటేది.

ఆ ఏడు ఆఖరి ఆట ఏటి అవతలి అడవి కాలేజీతో. కాలేజీ ప్రెసిడెంటు సింహం బండ మీద కూర్చుంది. పక్కన సెక్రటరీ నక్క. ఈసారి కూడా గెలిస్తే మైదానానికి దుప్పి మేడమ్ పేరు పెడతామని సింహం ముందే ప్రకటించింది. పేరు చెక్కిన రాయిని ఏనుగులు మోసుకొచ్చి, ఆకులు కప్పి ఉంచాయి.

ఆట చివరికి వచ్చింది. మన జట్టు ఒక్క పరుగు వెనక ఉంది. ఇద్దరు అవుటయ్యారు. కుందేలు, ఉడుత పలకల మీద సిద్ధంగా ఉన్నాయి. ఇప్పమ్మ బ్యాట్ పట్టుకుంది. ఒక్క దెబ్బ కొడితే ఇద్దరూ చుట్టి వచ్చేస్తారు, కప్పు మనదే.

దుప్పి మేడమ్ రెండు చెవులూ నిక్కబొడిచింది. గట్టిగా కొట్టమని.

సరిగ్గా అప్పుడే ఒక జోరీగ వచ్చి ఆమె కుడి చెవి మీద వాలి, కసుక్కున కుట్టింది. చెవి టపటపా ఆడింది.

ఇప్పమ్మ నొసలు ముడిచింది. ఇద్దరు అవుటయ్యాక మెల్లగా తట్టడమేమిటి? మళ్లీ చూసింది. చెవి ఇంకా ఆడుతోంది. 'మేడమ్‌కు తెలియదా' అనుకుంది. బ్యాట్ అడ్డంపెట్టింది. బంతి నాలుగడుగులు దొర్లి, అవతలివాళ్ల చేతిలో పడింది. ఇప్పమ్మ మొదటి పలక చేరకముందే వాళ్లు బంతిని అక్కడికి చేర్చారు. ఇప్పమ్మ అవుట్. ఆట ముగిసింది. కప్పు పోయింది.

"ఈగను తోలినట్టు తోలిందిరా బంతిని!" అని చెట్టు మీది కోతి అరిచింది.

నక్క మైదానంలోకి ఉరికింది. "ఏమే ఎలుగూ! తలలో మెదడుందా, తేనెపట్టుందా? ఎవరైనా ఇప్పుడు తడతారా? అవతలి అడవివాళ్లు నీకేం పెట్టారే?"

ఇప్పమ్మ ఒకసారి మేడమ్ వైపు చూసింది. తల దించుకుంది. "నేనే పొరబడ్డానండి" అంది.

"పొరబడ్డావు కదా! రేపటి నుంచి నీకు హాస్టల్లో చోటు లేదు. మూట కట్టుకో!"

సింహం తల ఊపింది. నక్క గొంతు మార్చి దుప్పి వైపు తిరిగింది. "మేడమ్, మీరేం బాధపడకండి. ఇందులో మీ తప్పేముంది? ఆ రాయి ఎలాగూ పాతిద్దాం."

దుప్పి మేడమ్ ఆకులు కప్పిన రాయి వైపు చూసింది. జోరీగను ఎవరూ చూడలేదు. ఊరుకుంటే పేరు నిలుస్తుంది, రాయి నిలుస్తుంది. ఎదురుగా ఇప్పమ్మ బ్యాట్‌కు అంటిన మట్టి తుడుస్తోంది. తుడిచి, ఇక తనది కాదన్నట్టు కింద పెట్టింది.

"ప్రెసిడెంటు గారూ, నా కుడి చెవి కదిలింది" అంది దుప్పి. "జోరీగ కుట్టింది, దులుపుకున్నాను. చెవి చెప్పింది చేయమని నేర్పింది నేను. ఆ పిల్ల చేసింది. తప్పు నాది."

"భలేవారే! పిల్లను కాపాడడానికి ఈగ కథలా?" అని నక్క నవ్వింది.

దుప్పి చెవి వంచి చూపించింది. చివర నెత్తురు బొట్టు. సింహం దిగి వచ్చి చూసింది.

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదమ్మా?" అంది సింహం.

"నా చెవి ఆడిందని ఇప్పమ్మకు తెలుసండి. ఇన్ని మాటలు పడుతూ కూడా బయటపెట్టలేదు."

సింహం చాలాసేపు మీసాలు సవరించుకుంది. "పిల్ల చదువు సాగుతుంది. కానీ ఆట పోయింది మీ పొరపాటు వల్ల. రాయి పాతలేం."

"వద్దండి" అంది దుప్పి.

రాయి వెనక్కి పోయింది. ఏనుగులు దాన్ని వీపు గోక్కోవడానికి వాడుకున్నాయి.

మర్నాడు పొద్దున దుప్పి మేడమ్ మైదానానికి వెళ్లేసరికి జట్టంతా అక్కడే ఉంది. రాళ్లు ఏరుతున్నారు. కుందేలు ముందుకు వచ్చింది. "మేడమ్, నిన్న ఎండ కళ్లలో పడి బంతి వదిలేశానన్నాను కదా. ఎండ లేదు, పాడూ లేదు. మళ్లీ కళ్లు మూసుకున్నాను."

"నేను పలక తాకకుండానే పరుగెత్తాను" అంది ఉడుత.

"నాకు కునుకు పట్టింది మేడమ్" అంది ముళ్లపంది.

అందరూ పకపకా నవ్వారు. దుప్పి కూడా నవ్వింది. అంతకుముందు ఒకరి లోపం బయటపడడానికి నెలలు పట్టేది. ఇప్పుడు పొద్దున చెబితే సాయంత్రానికి సరిదిద్దుకునేవారు. సైగ వింతగా అనిపిస్తే చెయ్యెత్తి, "మేడమ్, చెవా, ఈగా?" అని అడిగేవారు. మరుసటి ఏడు కప్పు తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఇంకా చాలా వచ్చాయి.

దుప్పి మేడమ్ ముసలిదై కొలువు విడిచే రోజు పాత విద్యార్థులంతా వచ్చారు. ఒక్కొక్కరూ తాము గెలిచిన ఆటల గురించి చెప్పారు. చివర ఇప్పమ్మ లేచింది. ఇప్పుడామె తన కొండకు చెట్ల వైద్యురాలు. వెంట ఇద్దరు పిల్లలు.

"అందరూ గెలిచిన ఆటలు చెప్పారు. నేను ఓడిన ఆట చెబుతాను" అంది. "ఆ ఏడు కప్పు పోయింది. నా చదువు మిగిలింది. మా కొండ మీద ఇవాళ పచ్చగా ఉన్న ప్రతి చెట్టూ మీకు దండం పెడుతుంది మేడమ్."

దుప్పి ఆమెను దగ్గరికి పిలిచింది. "ముందు నన్ను కాపాడాలని చూసింది నువ్వమ్మా. నాకు ధైర్యం వచ్చింది నిన్ను చూశాకే. కప్పులు చాలా వచ్చాయి తల్లీ, అన్నీ ఆ అరలో ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఇంత దూరం నడిచొచ్చి నన్ను మేడమ్ అని పిలవలేదు."

నీతి: మన మాట నమ్మి నడిచినవారి మీదికి మన తప్పును నెట్టకూడదు. అది మాదేనని ఒప్పుకునే పెద్దలను పిల్లలు ఎన్నటికీ మరవరు.