గుమ్మంలోంచి తీసిన ఫోటో

భార్గవకి ఈమధ్య లెన్సు పిచ్చి పట్టుకుంది.

అన్నం తింటూ ఫోన్లో లెన్సులే చూస్తాడు. పొద్దున లేచి ముఖం కడుక్కోకుండా లెన్సులే చూస్తాడు. చీకటి గదిలో కూడా వెలుతురును గబగబా లాక్కునే జూమ్ లెన్సు కావాలి, అది తను కొనగలిగే ధరలో దొరకాలి. ఈ రెండూ ఒకచోట కలవడం లేదు. కెమెరా చేసిన కంపెనీవాడి లెన్సు ధర చూస్తే గుండె జారిపోతోంది. ఇంకో కంపెనీవాడు అలాంటిదే సగం ధరకు చేశాడు గాని, అది ఫోకస్ దొరక్క ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుందని కొనుక్కున్నవాళ్ళు తిట్టిపోస్తున్నారు. విజయవాడలో ఒకాయన పాతది అమ్ముతానన్నాడు. అద్దం లోపల బూజు పట్టిందో లేదో వెళ్ళి టార్చిలైటు వేసి చూసుకోవాలి.

ఎవర్నడిగినా ఒక్కొక్కడూ ఒక్కో మాట చెప్పాడు. చివరికి ఒక మధ్యాహ్నం వెళ్ళి గురువుగారి ముందు కూర్చున్నాడు.

గురువుగారంటే మస్తాన్ వలీ. చీరాల బజారులో స్టూడియో ఆయనది. మోకాళ్ళు అరిగిపోయాక బయటి పనులకు వెళ్ళడం మానేశాడు. ఇప్పుడు పెళ్ళయినా చావయినా భార్గవే వెళ్తాడు. ఆయన కుర్చీలో కూర్చుని, భార్గవ తెచ్చిన ఫోటోలన్నీ చూసి ఊరుకుంటాడు. బావున్నాయనడు, బాలేవనడు. అదొక హింస.

"ఈ మూడింట్లో ఏది కొనమంటారు గురువుగారూ?"

"ఇప్పుడున్నదానికేమైంది?"

"దాంతో ఇక పనవదండీ. జూమ్ లాగేకొద్దీ వెలుతురు తగ్గిపోద్ది. ఇన్నాళ్ళూ ఎట్టాగో నెట్టుకొచ్చా. కావాలంటే ఇది చూడండి" అని భార్గవ కంప్యూటరు ఆయన వైపు తిప్పాడు.

ఫోటోలో ఒక చిన్న మగ్గం గది. నేలమీద చాప, చాప మీద పేరమ్మ శవం. మెడదాకా కప్పిన తెల్లగుడ్డ. ముఖం మీద ముడతలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి, అంత స్పష్టంగా పడింది. ఆమె తల దగ్గర కూర్చున్న మనిషి మాత్రం మనిషిలా లేదు. తడిచేత్తో తుడిచేసిన పలక మీద మిగిలిన రాతలా ఉంది.

ఆ మిగిలింది నాగరత్నం, పేరమ్మ కూతురు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. తల్లీ కూతురూ ఒకే మగ్గం మీద బతికారు. పేరమ్మకి ఫోటో అంటే భయం. ఫ్లాష్ వెలిగితే ఉలిక్కిపడేది. ఎవరైనా సెల్‌ఫోను ఎత్తితే కొంగు అడ్డం పెట్టుకునేది. ఆధార్ కార్డు కోసం తీసిన బొమ్మ తప్ప ఆమెకు ఫోటో అన్నది లేదు. అమ్మతో కలిసి కూర్చున్న ఫోటో ఒక్కటైనా ఉండాలని, చావు రోజున నాగరత్నం స్టూడియోకి కబురు పెట్టింది.

"ఆ మెరుపు మాత్రం కొట్టబాక బాబూ, అమ్మ జడుసుకుంటది" అంది ఆ రోజు. చనిపోయిన మనిషి జడుసుకుంటుందా అని భార్గవ లోలోపల నవ్వుకున్నాడు గాని, ఫ్లాష్ వేయలేదు. అంతవరకూ మంచివాడే.

"గదిలో ఒక్కటే బల్బు. కిటికీ లేదు" అన్నాడు భార్గవ. "ఈ లెన్సేమో వెలుతురు లాగదు. షట్టరు మెల్లగా పడింది. ముసలమ్మ కదల్దు కాబట్టి బాగానే వచ్చింది. ఈవిడ ఏడుస్తా ఊగిపోతా ఉంది. కదిలింది. అదే వెలుతురు బాగా లాక్కునే టూ పాయింట్ ఎయిట్ లెన్సయితే, ఈవిడ ఎంత కదిలినా టక్కున పట్టేసేది."

"ఒక్కటే తీశావా?"

"నాలుగైదు తీశా. అన్నీ ఇంతే. అప్పటికే పాడె ఎత్తడానికి జనం తొందరపడతా ఉన్నారు. కెమెరా తెరమీద చిన్నగా చూస్తే బాగానే అనిపించింది. వచ్చేశా."

వలీ చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"నువ్వెక్కడ నిలబడ్డావు?"

భార్గవ మౌసు అటూ ఇటూ కదిపాడు.

"నిన్నేరా."

"గుమ్మం బయట."

"లోపల చోటు లేదా?"

"ఉంది."

"లోపలికెళ్తే జూమ్ లాగే పనే లేదు గదా. ఆ పిల్లని ఒక్క క్షణం ఊపిరి బిగబట్టమని చెప్పుకునేవాడివి."

"ఆ మధ్యాహ్నమే పేరాలలో పెళ్ళికూతుర్ని చేసే పని ఉంది గదండీ. చావింట్లో అడుగుపెట్టి, తలస్నానం చెయ్యకుండా అక్కడికి ఎట్టా పోయేది? తెలిస్తే వాళ్ళు గడప తొక్కనిస్తారా? బయటే ఉంటే మైల అంటదు. అందరూ అట్టాగే చేస్తన్నారు. అసలు జూమ్ ఉండేది ఎందుకు మరి?"

ఇది భార్గవ కనిపెట్టిన కిటుకు కాదు. చుట్టుపక్కల ఫోటోగ్రాఫర్లందరిదీ. పొద్దున చావు, మధ్యాహ్నం పెళ్ళి, రెండు చేతులా పని. గుమ్మం బయట నిలబడి జూమ్ లాగితే వెళ్ళినట్టూ ఉంటుంది, వెళ్ళనట్టూ ఉంటుంది. శవానికి ఎటూ తెలియదు. పెళ్ళివారికి ఎవరూ చెప్పరు. ఇందులో ఎవరికీ నష్టం లేదని వాళ్ళ లెక్క.

అక్కడితో ఆగితే బాగుండేది. భార్గవ ఇంకో మాట కూడా అనేశాడు.

"మీకు మైల పట్టింపు లేదు గురువుగారూ. తిన్నగా లోపలికెళ్ళి కూర్చునేవాళ్ళు. మా సంగతి అట్టా కాదు."

 వలీ బీరువా మీదున్న తన పాత కెమెరా సంచి దించమని సైగ చేశాడు.

భార్గవకి ఆశ పుట్టింది. ఇన్నేళ్ళలో ఆ సంచిని ఎవరూ ముట్టుకోగా చూడలేదు. ఆయన మంచి రోజుల్లో కొన్న లెన్సు ఏదో అందులో ఉండే ఉంటుంది. పాతదైతేనేం, పాతవాటిలో అద్దం గట్టిగా ఉంటుంది. నోరు విప్పకుండా ఇచ్చేస్తాడు కాబోలు, ఆయన పద్ధతే అంత. దుమ్ము తుడిచి సంచిని బల్లమీద పెట్టి, పక్కనే నిలబడ్డాడు.

జిప్పు తుప్పు పట్టింది. వలీ మెల్లగా లాగాడు. లోపల కెమెరాకి ఒక అర, ఫ్లాష్‌కి ఒక అర ఖాళీగా ఉన్నాయి. లెన్సు కోసం మెత్త వేసి కుట్టిన పెద్ద అరలో చెయ్యి పెట్టి ఆయన ఒక తువ్వాలు తీశాడు. తర్వాత మడతపెట్టిన చొక్కా, ప్యాంటు. తర్వాత ఎండి పగుళ్ళిచ్చిన సబ్బుముక్క. ఒక్కొక్కటీ బల్లమీద పెట్టాడు.

భార్గవ సంచిలోకి తొంగి చూశాడు. ఇంకేమీ లేదు.

"లెన్సు ఎక్కడ పెట్టుకునేవారు?"

"కెమెరాకి ఉన్నదే. ఇంకోటి లేదు."

"మరి ఇవి?"

"చావింటి నుంచి వచ్చేప్పుడు ఏ బోరింగు పంపు కిందో కూర్చుని తలస్నానం చేసేవాణ్ణి. బట్టలు మార్చుకుని పెళ్ళింటికి పోయేవాణ్ణి."

"మీకు మైల లేదు గదండీ!"

"పెళ్ళివాళ్ళకి ఉంటది గదరా."

భార్గవ ముఖం కందిపోయింది.  ఒప్పుకుంటే అయిపోయేది. కాని ఆ వయసులో ఒప్పుకోవడం కంటే వాదించడం తేలిక.

"ఇప్పుడు అట్టా కుదరదండీ. టైమెక్కడుంటది? అయినా నేను అడిగింది లెన్సు సంగతి. అది ఉంటే గుమ్మంలోంచైనా ఫోటో వచ్చేది. అవునో కాదో చెప్పండి."

"వచ్చేది."

"మరి!"

"కొనుక్కో. దూరంగా నిలబడేవాడికి మంచి లెన్సే కావాలి."

భార్గవకి ఒళ్ళు మండింది. జన్మలో ఇంకో లెన్సు కొన్న పాపాన పోలేదు గాని ఎత్తిపొడుపులకి మాత్రం లోటు లేదు అనుకున్నాడు. రేపే విజయవాడ వెళ్ళి ఆ పాతది తెచ్చేసుకోవాలని, బూజు ఉంటే ఉండనీ అని, అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు.

వలీ తువ్వాలు మళ్ళీ మడతపెడుతూ అడిగాడు. "పెద్దకర్మకి ఫోటో కావాలని ఆ పిల్ల ఇయ్యాల వస్తానంది. ఏం చెప్తావు?"

"మీరు కదిలారమ్మా, అందుకే ఇట్టా పడిందని చెప్తా. అది నిజమే గదా."

"నిజమే" అన్నాడు వలీ.

అన్నట్టుగానే నాగరత్నం వచ్చింది. షాపు మెట్ల కింద, ఎండలోనే నిలబడిపోయింది. నలభై దాటిన మనిషి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నెత్తిన కొంగు కప్పుకుంది.

"లోపలికి రామ్మా" అని పిలిచాడు వలీ.

"వద్దులేయ్యా, మైలలో ఉన్నా. వ్యాపారం చేసుకునే చోటు, నేను ఎక్కకూడదు. ఫోటో ఇస్తే ఇక్కణ్ణించే తీసుకుపోతా."

వలీ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. దిగడానికి చాలాసేపు పట్టింది. ఎండలోకి వెళ్ళి ఆమె పక్కన నిలబడి, "భార్గవా, ఫోటో పట్టుకురా" అని కేకేశాడు.

ప్రింటు ముందే వేసి ఉంది. భార్గవ కవరు తెచ్చి చేతికిచ్చి ఒక అడుగు వెనక్కి వేశాడు. నాగరత్నం చేతులు కొంగుకి తుడుచుకుని, ఫోటోని అంచులు పట్టుకుని బయటికి తీసింది.

ముందు తల్లి ముఖం చూసింది. 

"అమ్మ ఎంత బాగా పడిందయ్యా. నిద్రపోతన్నట్టే ఉంది."

వేలితో తల్లి నుదురు తడిమింది. అక్కణ్ణించి వేలు మెల్లగా పక్కకి జరిగి ఆగిపోయింది. ఫోటోని ఎండకి ఎదురుగా పట్టుకుని చూసింది. నీడకి తిప్పి చూసింది.

"ఇదెవరు? నేనేనా?"

భార్గవ చెప్పాలనుకున్న మాట నోటిదాకా వచ్చింది. అతనికి చెప్పే పని కూడా లేకుండా పోయింది.

"నేను కదిలానా బాబూ?" అంది ఆమె.



"కదిలే ఉంటా. ఎంత బిగబట్టుకుందామన్నా ఏడుపు ఆగలా. నువ్వేమో ఆ రోజు శుభకార్యం ఉందని చెప్తానే, కాదనకుండా వచ్చి తీసిపెట్టావు. నేనే ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేకపోయా." ఆమె మళ్ళీ తల్లి ముఖం వైపు చూసింది. "అమ్మ చూడు, ఎంత కుదురుగా ఉందో. నాకే చాతకాలా."

 అవునమ్మా కదిలారు అంటే చాలు, అయిపోతుంది. ఆమె అప్పుడే నమ్మేసింది. ఇంకెవరూ తననేమీ అడగరు. 

"పోనీ ఇంకోసారి..." అని నాగరత్నం మొదలుపెట్టి, తనే ఆగిపోయింది. ఏం అడగబోయిందో తనకే అర్థమై తల అడ్డంగా ఊపుకుంది. ఫోటోని కవర్లో పెట్టబోతే అంచు మడత పడింది. అయ్యో అంటూ దాన్ని సరిచేసుకుంది.

భార్గవ తల వంచుకుని నేల చూస్తున్నాడు. వలీ అతని వైపు తిరిగి కాసేపు ఎదురుచూశాడు. అతను చెప్పడని తేలాక నాగరత్నం వైపు తిరిగాడు.

"నీ తప్పేం లేదమ్మా. కదలాల్సింది వీడు. కదల్లేదు."