మాచప్రగడ ఆపద జెండా

సాగరపేట రాజు అనంగపాలుడు ఒకనాడు మేడ మీద నిలబడి ఉండగా, సముద్రంలో ఒక పడవలోని జాలర్లు రెండు చేతులూ ఊపుతూ కనిపించారు. తనకే దండాలు పెడుతున్నారనుకుని రాజు కూడా నవ్వుతూ చెయ్యి ఊపాడు.

నిజానికి వాళ్ల పడవలోకి నీళ్లు వస్తున్నాయి. అటుగా వచ్చిన మరో పడవ పుణ్యమా అని ప్రాణాలతో బయటపడ్డారు.

సంగతి తెలిశాక రాజుకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆపదలో ఉన్న పడవని ఒడ్డు నుంచే పోల్చుకునేలా ఒక గుర్తు కావాలని, చేసి తెచ్చినవాళ్లకు బహుమానం ఇస్తానని చాటించాడు.

కొలువులో అలంకరణలు చూసే మాచప్రగడ, తనని మించిన తెలివిగలవాడు లేడని నమ్మే మనిషి. నీలి పట్టు జెండా తెచ్చాడు. దాని మీద వెండి జరీతో అలలు, అలల మధ్య రాజుగారి బిరుదులు పదహారూ. రాజు మురిసిపోయాడు.

తాంబూలం అందించే నూకాలు జాలరి పిల్ల. ఇంత గొప్ప జెండాని నీళ్ల మీద కూడా ఒకసారి చూడాలని, చేసినవారే ఊపితే దాని అందం తెలుస్తుందని వినయంగా విన్నవించింది. మాచప్రగడ పొంగిపోయి పడవెక్కాడు.

పడవ నడిపేది నూకాలు అన్న ఎర్రన్న. ఒడ్డుకి దూరమయ్యాక అడుగున ఉన్న చిల్లు బిరడా తీసెయ్యమని, సాయానికి దగ్గర్లోనే ఇంకో పడవ ఉంటుందని అతని చెవిలో చెప్పింది.

రాజు మేడ మీంచి కళ్లు చిట్లించుకుని చూశాడు.

“ఇంకా ఊపడం మొదలుపెట్టలేదా?”

“ఎప్పట్నుంచో ఊపుతున్నారు ప్రభూ,” అంది నూకాలు.

అంతలో అలల మీద కనకాంబరం రంగులో ఏదో రెపరెపలాడింది. మేడ మీదున్న అందరికీ కనిపించింది. రాజు కంగారుపడి పడవలు పంపించాడు.

కాసేపటికి మాచప్రగడ నీళ్లోడుతూ కొలువులోకి వచ్చాడు. చేతిలో తను కట్టుకెళ్లిన కనకాంబరం రంగు పట్టు పంచె. నడుముకి నీలి జెండా, బిరుదులన్నీ వెనకవైపుకి.

ఇదేమిటని రాజు అడిగితే అతను జెండా ముడి బిగించుకున్నాడు. నూకాలే అందుకుంది.

“రెండూ పనికొచ్చాయి ప్రభూ. పంచె ప్రాణం కాపాడింది, జెండా మానం కాపాడింది.”

కొలువంతా పగలబడి నవ్వింది. రాజు కళ్లు తుడుచుకుంటూ, ఇకమీదట ప్రతి పడవలోనూ కనకాంబరం రంగు గుడ్డ ఉండాలని అక్కడికక్కడే ఆజ్ఞ వేసి, మెడలోని ముత్యాల హారం తీసి నూకాలు చేతిలో పెట్టాడు.