మైలయ్య అరువిచ్చిన పేరు

నల్లగుట్ట అడవిలో, ఉప్పువాగు ఒడ్డున బతికే జంతువులకు వానంటే సంబరం కాదు, గుండెల్లో రాయి. నిరుడు శ్రావణంలో వాగుకట్ట తెగి, పల్లంలోని కుందేళ్ళ బొరియలన్నీ చూస్తుండగానే మునిగిపోయాయి. పిల్లల్ని నోట కరుచుకుని గట్టెక్కిన తల్లులు కొందరు. గట్టెక్కలేని వాళ్ళ మాట ఎత్తకపోవడమే మంచిది. ఆ ఏడుపులు విన్నాకే, అడవికి పెద్దదిక్కయిన ఏనుగు దొడ్డమ్మ కొత్త కట్టకు టెండరు పిలిచింది.

వడ్రంగిపిట్ట చెట్టుచెట్టుకీ వాలి దండోరా వేసింది.

"వినండహో! వాగుకట్ట పనికి రావాలనుకునేవాడు ఇంతకుముందు ఓ కట్ట కట్టి ఉండాలి, అది మూడు వానాకాలాలు ఆగి ఉండాలి. పని తీసుకున్నవాడే చెయ్యాలి, ఇంకొకరి చేతిలో పెట్టకూడదు. కట్టాక రెండు వానాకాలాలు పూచీ పడాలి. కూలి కింద దిగువ మడుగులో చేపలు, ఆ గట్టు మీద పచ్చికహో!"

షరతులు విని అడవిపంది ముట్టె విదిలించి వెళ్ళిపోయింది. అలాంటి కట్ట కట్టినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే, ముసలి ఎద్దు మైలయ్య. వయసులో ఉండగా ఎగువకుంటకు అతను తొక్కి వేసిన కట్ట ఇవాళ్టికీ చుక్క కారదు. ఇప్పుడు మోకాళ్ళు అరిగాయి, పళ్ళు ఊడాయి. "మైలయ్య కట్టాడంటే ఇంక చూడక్కర్లేదు" అని పదిమందీ అనే మాట ఒక్కటే అతనికి మిగిలిన ఆస్తి.

ఆ ఆస్తి మీదే గుంటనక్క సింగన్న కన్ను పడింది.

"ఏం మైలయ్య బావా, దండోరా విన్నావా?"

"విన్నానులే. నాకెందుకు? లేచి నిలబడడమే గగనంగా ఉంది."

"నిన్ను లేవమన్నదెవరు? ఒప్పందం మీద నీ గిట్ట ముద్ర పడితే చాలు. పని నేనూ మావాళ్ళూ చూసుకుంటాం. చేపలు మాకు, పచ్చిక నీకు."

"ఇంకొకరి చేతిలో పెట్టకూడదన్నారు కదయ్యా?"

"అనడానికేం, సవాలక్ష అంటారు. పేరొకరిది, పని ఒకరిది, లోకంలో నడుస్తున్నదే. నువ్వు ముందుకు రాకపోతే ఈ పనికి వచ్చేవాడే లేడు. నెత్తి మీద వానాకాలం. పాపం, ఆ కుందేళ్ళ గతేంటి చెప్పు?"

కుందేళ్ళ మాట మైలయ్యకు తగిలింది. అబద్ధమెందుకు, పచ్చిక మాటా తగిలింది. ఎండుగడ్డి నమిలే పళ్ళు అతనికి లేవు మరి. మర్నాడు దొడ్డమ్మ దగ్గరికి వెళ్ళి, తడిమట్టి పలక మీద గిట్ట మోపాడు.

"నీ పేరు చూసి ఇస్తున్నాను మైలయ్యా. తేడా వస్తే నిన్నే అడుగుతాను," అంది దొడ్డమ్మ.

"అలాగే తల్లీ."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. మైలయ్య తొక్కేశాడు.

పని మొదలైంది. అప్పుడప్పుడూ సింగన్న వచ్చి, "బ్రహ్మాండంగా లేస్తోంది బావా!" అనేవాడు. ఒకసారి చూసి వస్తానంటే, "నువ్వొస్తే మావాళ్ళు నొచ్చుకుంటారు, నమ్మకం లేదా అని," అనేవాడు. మైలయ్య మొహమాటపడి ఆగిపోయేవాడు.

చివరికి కట్ట పూర్తయిందనీ, రేపు దొడ్డమ్మ వచ్చి చూస్తుందనీ కబురొచ్చింది. గుట్ట మీద మబ్బు పట్టింది. ఇంక ఉండబట్టలేక మైలయ్య మెల్లగా పల్లానికి దిగాడు. అక్కడ కుందేలు చెంగమ్మ కొత్త బొరియ తవ్వుకుంటోంది. పక్కన కళ్ళు తెరిచీ తెరవని పిల్లలు.

"మళ్ళీ ఇక్కడికే వచ్చావేమ్మా? ఒక వాన చూసి దిగొచ్చుగా?"

"నువ్వు కట్టిన కట్ట కింద భయమేంటి తాతా? నిరుడు నా పిల్లలిద్దరు పోయారు. ఈ పల్లంలో మళ్ళీ అడుగుపెట్టనని ఒట్టు పెట్టుకున్నాను. నీ పేరు విని ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను."

మైలయ్య అక్కణ్ణుంచి కదిలాడు. కట్ట ఎక్కాడు. నాలుగడుగులు వేశాడో లేదో కాలు మోకాలిదాకా దిగబడింది. లాక్కుంటే గిట్టతో పాటు ఎండాకులు, పుల్లలు, పొడి ఇసక బయటికొచ్చాయి. పైపైన మాత్రం నున్నగా బంకమట్టి పూత. పైన పటారం, లోన లొటారం. వాగు ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంటే చాలు.

ఈతచెట్టు నీడలో కునుకు తీస్తున్న సింగన్న మీద విరుచుకుపడ్డాడు మైలయ్య.

"ఒరేయ్! కట్ట నిండా ఆకులు కూరతావా?"

"కూరితేనేం, మట్టి పూశాంగా. కట్టకు సరిపడా బంకమట్టి తేవాలంటే గుట్ట అవతలికి పోవాలి. మావాళ్ళ నడుములు విరగవూ?"

"వానొస్తే?"

"వచ్చేసరికి చేపలు మా కడుపులో ఉంటాయి."

"విప్పి మళ్ళీ కట్టు."

"కట్టను. పో, చెప్పుకో! ముద్ర ఎవరిది? పూచీ ఎవరిది? తెగితే అడవి నిన్ను రేపు తిడుతుంది. నోరు విప్పితే ఇవాళే తిడుతుంది. నేను కూలివాణ్ణి బావా, నాదేం పోయింది?"

వాడన్నదాంట్లో అబద్ధం లేదు. ఇంటికొచ్చిన మైలయ్య నెమరు కూడా వెయ్యలేకపోయాడు. చెబితే జన్మంతా కూడబెట్టిన పేరు పోతుంది. చెప్పకపోతే చెంగమ్మ పిల్లలు పోతారు. తూకం వెయ్యాల్సిన సంగతే కాదది. అయినా వేసుకున్నాడు. వేసుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు అడవంతా వాగు దగ్గర చేరింది. దొడ్డమ్మ కట్ట మీద కాలు పెట్టబోతే సింగన్న అడ్డం పరిగెత్తాడు.

"అమ్మగారూ, పచ్చిమట్టి! తమరు ఎక్కితే కుంగుతుంది."

"సర్లే, మైలయ్య కట్టినదానికి పరీక్షేంటి," అని దొడ్డమ్మ వెనక్కి తగ్గింది. "మైలయ్యా, కట్ట గట్టిదని నీ నోటితో ఒక్క మాట చెప్పు. మడుగు ఇప్పుడే అప్పగిస్తాను."

తేలు కుట్టిన దొంగలా వెనక నిలబడ్డ మైలయ్య ముందుకొచ్చాడు.

"ఈ కట్ట నేను కట్టలేదమ్మా. పేరు అరువిచ్చాను. కట్టింది సింగన్న. లోపలంతా ఎండాకులు."

చెంగమ్మ పిల్లల్ని పొట్ట కిందికి లాక్కుంది.

సింగన్న లెక్క చకచకా సాగింది. నేనే కట్టానంటే షరతు తప్పినందుకు ఒక తప్పు, ఆకులకు ఇంకో తప్పు. "అయ్యో అయ్యో!" అని గుండెలు బాదుకున్నాడు. "ముసలాయనకు మతి చెడింది! ఏదో మట్టి మోసి పెట్టాను గానీ, కట్టడమేంటి?"

"అంటే ఈ కట్ట నీది కాదా?" అంది దొడ్డమ్మ.

"పూచికపుల్లంత కూడా కాదు! ముద్ర ఆయనది, పని ఆయనది, వచ్చేదీ పోయేదీ ఆయనదే."

"పదిమందిలో అంటున్నావు."

"ఒట్టేసి అంటున్నాను!"

మైలయ్య తల ఎత్తాడు. "విన్నారుగా అమ్మా. నాదేనట. నాదైతే విప్పే హక్కూ నాదే."

కొమ్ములు వంచి కట్టను కుమ్మాడు. పూత పగిలింది. ఎండాకులు బొలబొలా రాలాయి. ఇంకోపోటు, ఇంకోపోటు. చూస్తున్న తల్లుల నోటంట ఏడుపొచ్చింది.

"ఆగు, ఆగు! మరి నా చేపలో?" అని అరిచాడు సింగన్న.

"ఏ చేపలు?" అంది దొడ్డమ్మ. "పూచికపుల్లంత కూడా కాదన్నావుగా."

తర్వాత మైలయ్య వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుంది.

"తొక్కి చూడకుండా నమ్మడం నా తప్పు. పేరు అమ్ముకోవడం నీ తప్పు. ఇవాళ నిజం చెప్పావు, పిల్లలు బతికారు. అయినా ఇకమీదట నీ ముద్ర ఈ అడవిలో ఏ పనికీ చెల్లదు. ఈ కట్ట మళ్ళీ కట్టే బాధ్యత మాత్రం నీదే."

"ధర్మం తల్లీ," అని మైలయ్య తల వంచాడు.

గుట్ట అవతల నుంచి మట్టి మోసింది అడవిపంది మంద. తొక్కింది మైలయ్య, అరిగిన ఆ మోకాళ్ళతోనే. వరస వరసకీ దొడ్డమ్మ ఎక్కి, తన బరువంతా మోపి చూసింది. చెంగమ్మ అతనితో ఒక్క మాటా మాట్లాడలేదు. మన్నించమని అడగడానికి అతనికీ మొహం లేదు. వాన దంచి కొట్టింది, వాగు పోటెత్తింది, కట్ట ఆగింది. చేపలు మట్టి మోసినవాళ్ళకు వెళ్ళాయి.

సింగన్న తోటివాళ్ళు మాత్రం వాడి చుట్టూ మూగారు. "మా కూలేదిరా?" అన్నారు. అడవి ముందు నాది కాదని ఒట్టేసినవాడు ఎవర్ని అడుగుతాడు, ఏమని అడుగుతాడు? సొంతవాళ్ళే తరుముతుంటే వానలో తడుస్తూ గుట్ట దాటి పారిపోయాడు.

పనిని ఇంకొకరి చేతిలో పెట్టొచ్చు, పూచీని పెట్టలేం.