రెండు గ్లాసుల మజ్జిగ

ధనుంజయకు వారం రోజులుగా అన్నం సయించడం లేదు. ఒక్క మాట అతన్ని అలా చేసింది. ఆ మాట అతనితో అన్నది కూడా కాదు.

పెద్దాపురంలో వల్లీదేవి భాగవతారిణి గారి హరికథకు అతను మొదటిసారి మృదంగం వాయించి వచ్చాడు. నిజానికి ఆ చోటు అతని గురువు సోమలింగం గారిది. ఇరవై ఆరేళ్లుగా ఆవిడ కథ చెబితే ఆయనే పక్కన కూర్చున్నారు. ఈ మధ్య కుడి మణికట్టు వాచిపోయింది. ఆర్నెల్లు మృదంగం జోలికి వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పడంతో శిష్యుణ్ణి పంపారు. ఆవిడ మర్నాడే గురువుగారికి ఫోను చేసి, అబ్బాయి చెయ్యి మంచిదేగానీ వచ్చేసారికి ఇంకెవర్నయినా చూడండి అన్నారు.

సోమలింగం గారు నచ్చజెప్పి, కార్తీక ఏకాదశి నాటి కథ ఒక్కదానికి ఆవిణ్ణి ఒప్పించారు. అదీ కుదరకపోతే ఆ చోటు కాకినాడ నుంచి వచ్చే మరొకాయనకు వెళ్లిపోతుంది. తొమ్మిదేళ్లు గురువుగారి ఎదుట కూర్చుని నేర్చుకుని, చివరికి ఆయన చోటు నిలబెట్టలేకపోయానే అని ధనుంజయ కుమిలిపోయాడు.

తప్పు ఎక్కడ జరిగిందో తనకు తెలుసనే అనుకున్నాడు. శ్మశానంలో చంద్రమతి కొడుకు మీద పడి ఏడ్చే ఘట్టంలో వల్లీదేవి గారు ఒక పిలుపు దగ్గర గొంతు సాగదీసి ఆగారు. మృదంగం ఆగలేదు. చంద్రమతి ఏడుస్తుంటే పక్కన పెళ్లి ఊరేగింపు వెళుతున్నట్టు అయింది. ముందు వరసలో ఎవరో నవ్వారు కూడా. లయ తప్పింది, చెయ్యి పరిగెత్తింది అని అతను తీర్మానించుకున్నాడు.

పరిగెత్తే చేతికి కళ్లెం వెయ్యడం అతనికి పెద్ద పని కాదు. పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసేది అతనే. బొటనవేలంత మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి తీసుకుని, దానికి ఒక ఎర్ర లైటూ, వేగం మార్చుకోవడానికి ఒక నాబూ అతికించి, ప్రోగ్రాము రాసి ఎక్కించాడు. నాబు ఎంత తిప్పితే లైటు అంత వేగంగా మిణుకుతుంది. నిమిషానికి ఇరవై దరువుల నుంచి రెండు వందల దాకా ఏ కాలమైనా సరే. దాన్ని ఎదురుగా పెట్టుకుని పది రోజులు సాధన చేశాడు. చెయ్యి దారికొచ్చింది. పనిలో పనిగా కాస్త గర్వం కూడా వచ్చింది.

పదకొండో రోజు పొద్దున్నే బోర్డు పట్టుకుని గురువుగారింటికి వెళ్లాడు.

సోమలింగం గారు కళ్లజోడు పెట్టుకుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో ఉంచుకుని, ఎడమచేత్తో నాబు తిప్పి చూశారు. భలే ఉందోయ్ అన్నారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. దానికి తాళం ఎవరు నేర్పారని అడిగి నవ్వారు. నాబు అన్నిటికన్నా నెమ్మదికి తెచ్చారు. లైటు మూడు సెకన్లకు ఒకసారి వెలుగుతోంది. అది వెలిగి ఆరగానే ఆయన నాబును గబుక్కున వేగానికి తిప్పారు. లైటు ఏమీ ఎరగనట్టు తన మూడు సెకన్లూ పూర్తి చేసుకుని, అప్పుడు పరుగందుకుంది.

"నేను తిప్పి ఎంతసేపయింది? దీనికి తెలియలేదేం?" అన్నారు.

"ఆగు అని రాశానండి అందులో. వెలుగు, ఆరు, ఇంతసేపు ఆగు. ఆగినంతసేపూ అది దేన్నీ పట్టించుకోదండి. అదయ్యాకే నాబు వంక చూస్తుంది."

"మరి ఆ ఆగినంతసేపూ ఏం చేస్తుంది?"

"లెక్కపెట్టుకుంటుందండి."

ఆయన బోర్డును చాప మీద పెట్టారు.

ఈలోగా ఆయన భార్య సుందరమ్మ గారు అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ రెండు గ్లాసుల్లో తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టారు. ధనుంజయ చెయ్యి చాచబోతే గురువుగారు వద్దన్నారు. ముందు ఈ లైటుతో కలిపి వాయించు, విలంబంలో, బాగా నెమ్మదిగా, నేను చూడాలి అన్నారు.

ధనుంజయ మృదంగం ఒళ్లోకి తీసుకున్నాడు. నాబు నెమ్మదికి పెట్టి, లైటు మీద చూపు నిలిపి, ఆది తాళం అందుకున్నాడు. దరువుకీ దరువుకీ మధ్య బోలెడంత చోటు. ఆ చోటంతా లోపల్లోపల లెక్క పెట్టుకుంటూ, ఎర్ర చుక్క వెలగగానే సరిగ్గా దాని మీదే దెబ్బ వేస్తూ, పది నిమిషాలు వాయించాడు. వెంట్రుకవాసి తేడా రాలేదు. ముక్తాయింపు పూర్తి చేసి, మెచ్చుకోలు కోసం తలెత్తాడు.

గ్లాసులు రెండూ ఖాళీగా ఉన్నాయి. సోమలింగం గారు కండువాతో మీసాలు తుడుచుకుంటున్నారు.

"మజ్జిగ తాగుతావా అని మూడుసార్లు అడిగాను. నీ దరువుకి అడ్డం రాకుండా, మధ్య ఖాళీలోనే అడిగాను" అన్నారు.

"ఎప్పుడండీ?"

వంటింటి గుమ్మంలోంచి సుందరమ్మ గారు, "నాకిక్కడికి వినిపించింది బాబూ" అన్నారు.

లైటు ఇంకా మిణుకుతూనే ఉంది. ధనుంజయ దాని వంక చూసి, తీగ పీకి బోర్డు జేబులో వేసుకుని, గురువుగారి కాళ్లకు దండం పెట్టి వచ్చేశాడు.

ఇంటికి రాగానే ప్రోగ్రాము తెరిచి, ఆగు అన్న మాటను మొత్తం తీసేశాడు. దాని బదులు కొత్తగా రాశాడు. గడియారం చూడు. వేళయిందా? కాలేదు. అయితే నాబు కదిలిందేమో చూడు. లేదు. మళ్లీ గడియారం చూడు. సెకనుకు కొన్ని వేలసార్లు అలా చూస్తూనే ఉండాలి. రాయడం అయ్యాక నాబు తిప్పితే, వేలు కదిలిన క్షణానే లైటు మారింది.

తర్వాత దాన్ని ఆపేసి పక్కన పెట్టి, కిటికీ దగ్గర మృదంగం వేసుకుని కూర్చున్నాడు. లెక్క మానేసి వాయించడానికి మొదట్లో భయమేసింది. మూడు రోజులకు దరువుల మధ్య ఖాళీలో పక్కింటి కుక్కరు కూత వినపడింది. ఐదో రోజుకు వీధిలో ఆకుకూరలావిడ కట్ట ఎంతో చెప్పడం వినపడింది. అప్పుడు అతనికి తొమ్మిదేళ్ల విద్య మీద సిగ్గూ, సంతోషమూ రెండూ ఒక్కసారే కలిగాయి.

ఏకాదశి సాయంత్రం కథ మొదలైంది. వల్లీదేవి గారికి అరవై దాటాయి. చిరతలు పట్టి, గజ్జె కట్టి నిలబడితే ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. చంద్రమతి ఘట్టం వచ్చింది. ఆవిడ కొడుకును పిలిచారు. రెండోసారి పిలవబోతూ ఊపిరి తీసుకున్నారు. ఆ ఊపిరి మధ్యలో తెగింది. మైకులో అది వినపడలేదు గానీ, పక్కనున్న ధనుంజయకు వినపడింది. దరువు వెయ్యబోతున్న అతని చెయ్యి మృదంగం మీదికి వచ్చి అక్కడే నిలిచిపోయింది.

మండపమంతా నిశ్శబ్దం. ఆవిడ పెదవులు బిగబట్టి, మెల్లగా ఊపిరి కూడదీసుకున్నారు. జనం అది చంద్రమతి దుఃఖమే అనుకున్నారు. ముందు వరసలో ఒక పెద్దాయన పైపంచెతో కళ్లు తుడుచుకున్నాడు. ఆవిడ ఒక్కసారి మృదంగం వైపు చూసి, మళ్లీ పిలిచారు. ఆ పిలుపుతోబాటే దరువు పడింది.

కథ అయ్యాక ఆవిడ గజ్జెలు విప్పుకుంటూ, మెచ్చుకోలేమీ లేకుండా, పౌర్ణమి నాడు పిఠాపురంలో కథ ఉంది, నాలుగింటికల్లా వచ్చెయ్యమన్నారు.

మర్నాడు పొద్దున్న ధనుంజయ గురువుగారింటికి వెళ్లాడు. ఆయన కథ సంగతి అడగలేదు. బోర్డు ఏదీ అని అడిగి తీసుకుని, నాబు అటూ ఇటూ తిప్పారు. లైటు ఆయన వేలితో పాటే పరిగెత్తింది, ఆయన వేలితో పాటే నెమ్మదించింది. చాలాసేపు అలా ఆడుకుని, దాన్ని జాగ్రత్తగా చాప మీద పెట్టారు.

పక్కన రెండు గ్లాసులున్నాయి. ఒకటి ఖాళీ.

"ఇవాళ నీ గ్లాసు ముట్టుకోలేదు. తాగు" అన్నారు సోమలింగం గారు.